కొవ్వు చాటున మందు

టాటానగర్‌లోని గోల్‌మురిలో మేమున్న క్వార్టర్ల వరసలో గోడలు పల్చన. పక్కింట్లో ఎవరైనా దగ్గితే మా ఇంట్లో ఎవరు దగ్గారా అని చూసుకునేవాళ్ళం. ఆ ఎండాకాలం ఆ గోడ అవతల నుంచి పళ్ళు కొట్టుకునే చప్పుడు వినిపించడం మొదలైంది. మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళకు మరోసారి. బయట వడగాలి కొడుతుంటే లోపల ఒక మనిషి చలికి వణికేవాడు. ఎనభైల మధ్యలో సంగతి ఇది. నేను అప్పుడు ఊళ్ళోనే ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి.

పక్కింట్లో ఉండేది ఇద్దరన్నదమ్ములు, తమ్ముడి భార్య. శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు నుంచి తండ్రి కాలంలోనే టాటా చేరినవాళ్ళు. పెద్దాయన గోల్‌మురి బజారులో చేపలు అమ్మేవాడు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి పెంచడంలోనే వయసు గడిచిపోయిందని వరసలో అందరికీ తెలుసు. తమ్ముడు వెల్డరు. కాంట్రాక్టు పని ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళేవాడు. ఆ ముందటేడు గంగకు అవతల, ఉత్తర బీహారులో వంతెన పనికి వెళ్ళాడు. వానాకాలమంతా మట్టిగోడల పాకల్లో, గొడ్ల కొట్టాం పక్కన పడుకున్నాడు. అక్కడి గోడల పగుళ్ళలో ఉండే సన్నటి ఈగ కుట్టినట్టు కూడా తెలియదట. ఇంటికి వచ్చాక కొన్నాళ్ళకు జ్వరం పట్టుకుంది.

మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. మాత్రలు మింగాడు. చేతులూ కాళ్ళూ పుల్లలయ్యాయి గాని, కడుపు ఎడమవైపు మాత్రం ఉబ్బుతూ వచ్చింది. ఒంటి రంగు మారింది. మొహం, చేతులు బూడిద పూసినట్టు నల్లబడ్డాయి. అద్దం ముందు కూచుని, "మాడిపోయిన అట్టునాగున్నాను గదేటి" అని పెళ్ళాంతో నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు. అద్దం తీసి సూట్‌కేసులో పెట్టేసింది.

చివరికి సాక్చీ బజారు అవతల ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో జబ్బు పేరు తేలింది. కాలా అజార్. నల్ల జబ్బు. మా ఊళ్ళో అది అరుదు. అక్కడి డాక్టరు కుర్రాడే. బ్రహ్మపురం మనిషి, ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా మాట్లాడుతూ పెరిగినవాడు. ఎముకలోంచి మూలుగ తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తోడుగా వెళ్ళిన నన్నూ చూడమన్నాడు. పెద్ద కణం ఒకటి, దాని కడుపు నిండా చుక్కలు. "ఆ చుక్కలే పురుగులు. మనల్ని కాపాడాల్సిన కణంలోనే కాపురం పెట్టాయి," అన్నాడు. వార్త రాసేవాడికి ఇలాంటి మాట దొరికితే సంతోషం కలగాలి. నాకు మాత్రం ఆ చుక్కలు కళ్ళు మూసుకున్నా కనపడ్డాయి.

మొదటి మందు రోజూ పిర్రకు సూది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. గంగ అవతలి జిల్లాల నుంచి వచ్చిన కొందరిలో ఆ మందు పనిచేయడం లేదని డాక్టరు ముందే విన్నాడు. రెండోది ఉంది. దాన్ని పట్టుకోవాలంటే డాక్టర్లకే భయం. గ్లూకోజు సీసాలో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. కాసేపటికి మంచం కాళ్ళు నేల మీద టకటకలాడేంత వణుకు పట్టింది. నేనూ పెద్దాయనా చెరో భుజం పట్టుకుని ఆపాం. రెండు సీసాలు అలా వెళ్ళేసరికి మూత్రం తగ్గిపోయింది. రక్తం పరీక్ష చూసి డాక్టరు సీసా దించేశాడు.

వరండాలో మమ్మల్ని కూచోబెట్టి చెప్పాడు. పెద్దాయన, తమ్ముడి భార్య, నేను.

"ఈ మందు పురుగును చంపుతుంది. అందులో సందేహం లేదు. కాని దారిలో కనపడ్డవాళ్ళందరినీ కొట్టుకుంటూ పోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇంకా ఎక్కిస్తే అవి ఆగిపోతాయి. ఎక్కించకపోతే జబ్బు తీసుకుపోతుంది."

"అయితే ఏటి సెయ్యాల?" అన్నాడు పెద్దాయన.

డాక్టరు కలకత్తా సంగతి ఎత్తాడు. అక్కడ ఒక పరిశోధనశాలలో ఆయనతో చదువుకున్న స్నేహితుడు పనిచేస్తున్నాడు. గుడ్డులోని పచ్చసొన నుంచి తీసిన కొవ్వుతో, కంటికి ఆననంత చిన్న బుడగలు చేస్తున్నారు. ఇదే మందును ఆ బుడగల గోడల్లో ఇమిడ్చి రక్తంలోకి పంపుతారు. కొవ్వు చాటున ఉన్నంతసేపూ అది మూత్రపిండాల జోలికి అంతగా పోదు. రక్తంలో ఏ నలుసు పడినా మింగేసే కణాలు ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉంటాయి. బుడగలను అవి మింగుతాయి. పురుగు దాక్కున్నదీ ఆ కణాల్లోనే. మందు తిన్నగా దాని ఇంట్లోకి వెళ్ళి తెరుచుకుంటుంది.

పెద్దాయన ఆలోచించి, "ఎర యేసినట్టు. ఎరలో ఇసం పెట్టి," అన్నాడు.

"అంతే. మింగేది మాత్రం మన ఒళ్ళే," అన్నాడు డాక్టరు.

ఆ మందు ఏ దుకాణంలోనూ దొరకదు. ఎలుకలకు ఇచ్చారు, తరవాత వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మనుషులకు ఇచ్చారు. పై డాక్టర్లతో మాట్లాడి, రోగి సంతకం తీసుకుని, డాక్టరు తన స్నేహితుణ్ణి ఒప్పించాడు. సంతకం పెడుతూ తమ్ముడు, "ఎలకల తరవాత నానే అన్నమాట. దానికీ సీనియార్టీ ఉంటాదేటి డాక్టరుగోరూ?" అన్నాడు. వార్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. తమ్ముడి భార్య కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మందు తేవడానికి పెద్దాయన తప్ప ఇంకెవరు వెళ్తారన్న ప్రశ్నే రాలేదు. హౌరా చేపల బజారుకు ఆయన తరచూ వెళ్ళొచ్చేవాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, చల్లగా ఉంచాల్సిన సరుకును ఎండలో బండి మీద తేవడంలో ఆయన పేరు మోసినవాడు. మే నెలలో టాటానగర్ స్టేషను ప్లాట్‌ఫారం మీద చెప్పు తీసి కాలు మోపలేం. అలాంటి ఎండలో కూడా ఆయన పెట్టె విప్పితే పొలస చేప మీద వేలు దిగేది కాదు. మిగతా వ్యాపారులు ఉత్త ఐసు వేసేవాళ్ళు. ఆయన ఐసు నలగ్గొట్టి, వరస వరసకూ గళ్ళుప్పు చల్లి, పైన పొట్టు కప్పి, గోనెసంచి కుట్టేవాడు. ఉప్పు పడితే ఐసు చలి ఇంకా దిగుతుంది. చేప రాయి అవుతుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. బేరం ముందు చేపను చెక్కబల్ల మీద ఒకసారి కొట్టి ఆ చప్పుడు వినిపించడం ఆయన అలవాటు. ఆ చప్పుడు విని కొనేవాళ్ళు ఉండేవారు.

కలకత్తాలో జరిగింది ఆయన చెప్పగా విన్నదే. పరిశోధనశాలలో తెల్లకోటు మనిషి మందు సీసాలను వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టి, చుట్టూ ఐసు ముక్కలు పోసి, మూత బిగించి ఇచ్చాడు. చల్లగా ఉంచు, ఐసు అంతా కరిగిపోకముందే డాక్టరుకు అందించు అని హిందీలో చెప్పాడు. గడ్డకట్టనివ్వకు అని చెప్పలేదు. ఐసు ముక్కల మధ్య ఉన్న సీసా చల్లబడుతుందే గాని గడ్డకట్టదు. దానికి ఒకడు ఉప్పు కలుపుతాడని ఆ మనిషికి ఎందుకు తడుతుంది?

బండి ఖరగ్‌పూర్‌లో ఆగిపోయింది. ముందెక్కడో కరెంటు తీగ తెగిందన్నారు. పట్టపగలు, రైలు పెట్టె రేకు మీద చెయ్యి వేయలేని స్థితి. ఫ్లాస్కు మూత విప్పి చూస్తే ఐసు సగం నీళ్ళయింది. నీళ్ళలో సీసాలు తేలుతున్నాయి. ఆయన లెక్కలో అది సరుకు చావడం మొదలైన గుర్తు. దిగి, స్టేషను బయట బజారుకు వెళ్ళాడు. ఖరగ్‌పూర్ రైలు పనుల్లో మనవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు గనక ఆ బజారులో తెలుగుకు కొదవ లేదు. ఒక చేపలామె దగ్గర ఐసు తీసుకున్నాడు. గళ్ళుప్పు అడిగాడు.

"దేనికి బాబూ ఇంత? సేపేదీ?" అందట ఆవిడ.

"సేప కాదు. నా తమ్ముడి పానం," అన్నాడట.

ఆవిడ ఐసు తనే నలగ్గొట్టి ఇచ్చింది. ఆయన నీళ్ళు వంపేసి, సీసాల చుట్టూ ఐసూ ఉప్పూ వరసలుగా దట్టించి, మూత బిగించి, పై తుండుతో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి కదిలిందాకా, కదిలాక, టాటా చేరిందాకా ఆ మూట కింద పెట్టలేదు.

సాయంత్రం ఆసుపత్రికి తిన్నగా వచ్చాడు. నేను ఆఫీసు నుంచి అక్కడికే వెళ్ళాను. తమ్ముడు ఆ రోజు కొంచెం కులాసాగా ఉన్నాడు. చిన్న పిల్లాడిలా పక్క మీద లేచి కూచున్నాడు. పెద్దాయన తుండు విప్పి, ఫ్లాస్కు తెరిచి, ఉప్పంటిన ఒక సీసా తీసి పంచెతో తుడిచాడు. దాన్ని డాక్టరు బల్ల మీద మెల్లగా తట్టాడు. టక్కుమంది.

"సూడండి డాక్టరుగోరూ. రాయి," అన్నాడు.

డాక్టరు సీసా చేతిలోకి తీసుకుని తలకిందులు చేశాడు. లోపలిది కదల్లేదు. మిగతావీ ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ అంతే.

"ఇది ఇలా ఎలా అయింది?"

పెద్దాయన ఆనందంగా చెప్పాడు. ఎండ, ఆగిన బండి, చేపలామె, ఉప్పు. చెబుతూ చెబుతూ డాక్టరు మొహం చూసి నెమ్మదించాడు. డాక్టరు ఒక సీసాను గిన్నెడు మామూలు నీళ్ళలో ఉంచాడు. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి కరిగింది. పల్చని పాలలాగా ఉండాల్సింది, విరిగిన పాలలాగా ఉంది. అడుగున పసుపు రేకులు, పైన తేట. కదిపితే రేకులు లేచి మళ్ళీ దిగిపోయాయి.

ఆ రోజుల్లో కలకత్తాకు ఫోను చేయాలంటే ట్రంకుకాల్ బుక్ చేసి కూచోవాలి. మా పత్రిక ఆఫీసులో ఫోను ఉందని నేను డాక్టర్ని అక్కడికి తీసుకెళ్ళాను. లైను దొరికింది. నాకు ఇటువైపు మాటలే వినపడ్డాయి. "అవును, పూర్తిగా గడ్డకట్టింది... ఉప్పు... లేదు, లోపల కాదు, చుట్టూ..." తరవాత చాలాసేపు వినడమే. ఫోను పెట్టేసి, ఒక గ్లాసు నీళ్ళు అడిగాడు.

"గడ్డకడితే ఆ కొవ్వు గోడలు చిట్లిపోతాయట. కరిగించినా మళ్ళీ అతుక్కోవు. మందు బయటికి వచ్చేసి ఉంటుంది, ముద్దలు కట్టి ఉంటుంది. ఎక్కించొద్దు, పారబోయమన్నాడు."

"మళ్ళీ ఇస్తారా?"

"ఇస్తారు. అది గుడ్లలోంచి కొవ్వు తీసి చేత్తో చేసే పని. కొన్ని వారాలు పడుతుంది." గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు. "ఆ మనిషికి అన్ని వారాలు ఉన్నాయో లేదో నాకు తెలీదు."

ఆసుపత్రి వరండాలో పెద్దాయనకు డాక్టరే చెప్పాడు. మెత్తగానే చెప్పాడు, దాచకుండా చెప్పాడు. పెద్దాయన అర్థం కానట్టు చూశాడు.

"గడ్డకడితే పాడైపోద్దా? గడ్డకట్టకపోతే గదా ఏదైనా పాడైపోద్ది," అన్నాడు. "నాను అన్నేయం సేసీసినానా బావూ?" అని నన్ను అడిగాడు. తుండు ఇంకా ఉప్పు తడితో ఆయన భుజం మీదే ఉంది.

తమ్ముడి భార్య అంతా విని, గోడకు ఆనుకుని, బావగారి వైపు చూడకుండా అంది: "ఆల్లు సెప్పినట్టు తెచ్చుంటే సరిపోయీది. ఎవలు ఎయ్యమన్నారు ఆ ఉప్పు?"

బజారుకు ఈ సంగతి ఎలా పాకిందో తెలియదు, పాకింది. మర్నాడు పెద్దాయన కొట్టు దగ్గర జనం ఉన్నారు గాని బేరాలు తక్కువ. పక్క కొట్టువాడు పెద్దగొంతుతో, "ఏటి మావా, తమ్ముడిక్కూడా ఉప్పెట్టీసినావట గదా" అన్నాడు. అన్నవాడే కాసేపటికి వచ్చి బీడీ ఇవ్వబోయాడు. పెద్దాయన తీసుకోలేదు. నాలుగు రోజుల తరవాత కొట్టు తెరవడం మానేశాడు. పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి గేటు దగ్గర రాతి మీద కూచునేవాడు. లోపలికి రాడు. భోజనం క్యారియరు గేటు దాకా తెచ్చి, ఎవరి చేతనైనా పంపేవాడు.

ఆ వారాలు నాకు ఒకే సాయంత్రంలాగా గుర్తున్నాయి. ఉక్కు కర్మాగారం కొలిమి మెరుపు ఆకాశం మీద పడి ఎర్రగా అయ్యేది, అప్పుడే పళ్ళు కొట్టుకునే చప్పుడు మొదలయ్యేది. డాక్టరు రోజూ తమ్ముడి పొట్ట మీద చెయ్యి వేసి ప్లీహం అంచు ఎక్కడుందో చూసేవాడు. మొదట్లో పెన్నుతో చర్మం మీద గీత గీసేవాడు. గీత దాటి అంచు కిందికి వస్తోందని తెలిశాక గియ్యడం మానేశాడు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే ఆగడం లేదు. నెత్తురు గడ్డకట్టే శక్తి తగ్గిపోతోందని, ఇక ఏ చిన్న దెబ్బైనా ప్రమాదమేనని చెప్పాడు. మంచం కాళ్ళకు గుడ్డలు చుట్టించాడు. ఆ గుడ్డలు చూస్తే నాకు రోగిని చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసేది.

కలకత్తా నుంచి కబురు వచ్చింది. మందు తయారైంది, మనిషిని పంపండి. ఈసారి గడ్డకట్టనివ్వొద్దని డాక్టరు స్నేహితుడు పదిసార్లు చెప్పాడట.

ఎవరు వెళ్ళాలి? తమ్ముడి భార్య నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగోరూ, మీరెల్లండి. సదూకున్నోరు. ఆల్లు ఏటి సెప్తే అదే సెయ్యండి. అంతకు మించి నాకేటీ వద్దు." నేను సరేనన్నాను. డాక్టరూ అదే మేలన్నాడు.

తమ్ముడు ఒప్పుకోలేదు. మేం మాట్లాడుకుంటుంటే కళ్ళు మూసుకుని పడుకున్నవాడు, కళ్ళు తెరవకుండానే అన్నాడు: "అన్నే ఎల్లాల."

"నీకేటైనా పిచ్చా? ఒకపాలి సేసింది సాలదేటి? నీ పానం మీద ఆటేటి?" అంది ఆవిడ.

"ఆట కాదే. నువ్వు గేటు కాడికి ఎల్లి సూసినావా ఆణ్ణి? నా కంటే నల్లబడిపోనాడు. ఇప్పుడు ఇంకోడు ఎల్లి మందు తెచ్చీసి, నాను బతికీసినాననుకో, ఆడు బతకడు. నాను సచ్చినా ఆడు బతకడు. ఆడు తెచ్చింది ఎక్కి నాను లేత్తేనే ఇద్దరం లేత్తాం."

"మరి మళ్ళీ పాడు సేసీస్తే?"

"సేసీస్తే సేసీసినాడు. నన్ను పెంచినోడు గదా. ఆ మాత్రం హక్కు లేదేటి?"

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. డాక్టరుకు కోపం వచ్చింది, అది మొహంలో కనపడింది. తన చేతిలో ఉంటే ఒప్పుకునేవాడు కాదు. చివరికి ఇద్దరం కలిసి వెళ్ళేట్టు, ఫ్లాస్కు పెద్దాయన పట్టుకునేట్టు, నేను పక్కన కూచునేట్టు నిర్ణయమైంది. గేటు దగ్గరికి వెళ్ళి నేనే చెప్పాను. పెద్దాయన, "ఆడే అన్నాడా?" అని అడిగాడు. ఆడే అన్నాడని చెప్పాను. మళ్ళీ అడిగాడు.

తెల్లకోటు మనిషి ఈసారి అన్నీ విడమరిచి చెప్పాడు. ఐసూ నీళ్ళూ కలిసి ఉన్నంతసేపూ అంతకన్నా చలి దిగదు, అంతకన్నా వేడెక్కదు, మనకు కావాల్సింది అదే. పైకి నీళ్ళలా కనపడినా భయపడొద్దు, లోపల ఒక్క ముక్క ఐసు ఉంటే చాలు. పెద్దాయన చేతులు కట్టుకుని విన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూచున్నాడు. కిటికీలోంచి వచ్చే గాలి నిప్పులా ఉంది. ఒక మనిషికి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వచ్చిన విద్య ఒక్క పూట ఆపుకోవడం ఎంత కష్టమో ఆ బండిలో చూశాను. మూత విప్పి చూస్తాడు. ఐసు తగ్గింది. మూత పెడతాడు. పెదాలు తడుపుకుంటాడు. మళ్ళీ విప్పబోయి ఆగుతాడు.

"నీళ్ళయిపోతంది బావూ."

"అవ్వనీండి. ఐసు ఉందిగా."

"నీళ్ళలో ఎట్టిన సేప గంటలో కుళ్ళిపోద్ది."

"ఇది చేప కాదు."

"అవును," అన్నాడు. "ఇది సేప కాదు." కాసేపటి తరవాత తనలో తను మళ్ళీ అన్నాడు.

ఖరగ్‌పూర్‌లో బండి మామూలుగానే ఆగింది, మామూలు కన్నా ఎక్కువసేపే ఆగింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ప్లాట్‌ఫారం మీద ఐసు బండి ఒకటి మా పెట్టె ముందు నుంచి పోయింది. పెద్దాయన దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు. ఫ్లాస్కు నా వైపు తోశాడు.

"నువ్వు సెయ్యి పెట్టి సూడు. నా సేతిని నాను నమ్మనేను."

వేలు పెట్టాను. అడుగున ముక్కలు తగిలాయి. చల్లగా ఉంది, సీసా కదిలిస్తే లోపలి మందు తొణుకుతోంది. బాగుందన్నాను. ఆయన నమ్మలేదు. టాటా చేరేదాకా ఎన్నిసార్లు నా చేత వేలు పెట్టించాడో చెప్పలేను. ఘాట్‌శిలా దాటాక ఐసు ఇంకా తగ్గిందని నాకే గుబులు పుట్టింది. ఒక చిన్న ముక్క కొని వేద్దామా అని నోటిదాకా వచ్చింది. ఆయన ముందు ఆ మాట అనడానికి ధైర్యం చాల్లేదు.

ఆసుపత్రి మెట్ల మీద తమ్ముడి భార్య నిలబడి ఉంది. ఆ పొద్దున్నుంచి ముక్కు నుంచి రక్తం ఆగడం లేదని, దూది పెట్టారని చెప్పింది. చెబుతూ ఫ్లాస్కు వైపే చూసింది. పెద్దాయన దాన్ని డాక్టరు చేతికిచ్చి, వెనక్కి నడిచి గోడ దగ్గర నిలబడ్డాడు. ఈసారి సీసా బల్ల మీద తట్టలేదు. డాక్టరు ఒక సీసా తీసి కిటికీ వెలుతురులో పట్టాడు. నిదానంగా వంచాడు. పల్చటి పాలు ఇటు నుంచి అటు వెళ్ళాయి. రేకు లేదు, రేణువు లేదు.

"బాగుంది," అన్నాడు.

గ్లూకోజు సీసాలో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. మేం వణుకు కోసం చూస్తూ మంచానికి అటూ ఇటూ నిలబడ్డాం. చేతులు సిద్ధంగా పెట్టుకున్నాం. వణుకు రాలేదు. తమ్ముడు మా ఇద్దర్నీ చూసి, "ఏటి, శవాన్ని ఎత్తడానికి నించున్నట్టు నించున్నారు? కూసోండి," అన్నాడు.

రోజు విడిచి రోజు ఇచ్చారు. మూత్రపిండాలు ఓర్చుకున్నాయి. ఒక సాయంత్రం జ్వరం రావాల్సిన వేళ దాటిపోయింది, రాలేదు. మర్నాడూ రాలేదు. అప్పటికీ ఎవరం ఆ సంగతి పైకి అనలేదు. అంటే తిరిగి వస్తుందేమోనన్నట్టు వేరే మాటలు మాట్లాడుకున్నాం. వానలు పడే నాటికి ప్లీహం పక్కటెముకల కిందికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఇల్లు చేరారు. గోడ అవతల నుంచి మళ్ళీ రేడియో, పోట్లాట, నవ్వు వినపడసాగాయి. ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపులో తమ్ముడికి కూచుని చేసే పని దొరికింది. ఇక గంగ దాటి పంపనని పెద్దాయన పట్టుబట్టాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. రెండేళ్ళు గడిచాయనుకుంటాను. ఒక ఆదివారం పొద్దున్న తమ్ముడు వాకిట్లో గడ్డం గీసుకుంటూ నన్ను పిలిచాడు. సబ్బు నురగ తుడుచుకుని, గడ్డం కింద, పెదవి పక్కన చూపించాడు. నలుపు తగ్గి తేరుకున్న చర్మం మీద తెల్లటి మచ్చలు. చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. నొప్పి లేదట, దురద లేదట.

"సున్నం పడ్డట్టుంది గదా?" అన్నాడు.

నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూడగానే గుర్తుపట్టాడు. లోపల చచ్చిందనుకున్న పురుగు కొందరిలో చర్మంలోకి జారుకుని మిగులుతుందని, ఏళ్ళ తరవాత ఇలా మొలుస్తుందని చెప్పాడు. ప్రాణానికి వెంటనే ప్రమాదం లేదన్నాడు. అయితే వదిలేయడానికి లేదు. ఈ మచ్చ మీద కుట్టిన అలాంటి సన్నటి ఈగ ఇంకొకరిని కుడితే వాళ్ళకూ అంటుకోవచ్చు. వైద్యం నెలల తరబడి పడుతుంది. కొవ్వు బుడగలు ప్లీహం దాకా వెళ్ళినంత తేలిగ్గా చర్మం దాకా వెళ్తాయో లేదో తనకు తెలియదన్నాడు. కలకత్తా వాళ్ళను అడగాలన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పెద్దాయన అరుగు మీద కూచుని ఉన్నాడు. తమ్ముడి గడ్డం వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకు తిప్పి, ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకు చూసుకుంటూ పోయాడు. లోపలి నుంచి తమ్ముడి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డాక్టరు చెప్పింది నేను చెప్పాను. చివర, కలకత్తా వాళ్ళను అడగాలన్నాడని కూడా చెప్పాను.

పెద్దాయన లేచి లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చినప్పుడు ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఇవాళ కాదు అన్నా," అన్నాడు తమ్ముడు. "ఆల్లు ఇంకా ఏటీ సెప్పనేదు. మందు ఉందో నేదో తెలీదు."

"తెలిసినాక ఎల్దాం," అన్నాడు పెద్దాయన. చొక్కా మాత్రం విప్పలేదు. అరుగు మీద, స్టేషనుకు వెళ్ళే రోడ్డు వైపు తిరిగి కూచున్నాడు. ఆవిడ లోపలి నుంచి టీ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అది చల్లారిపోతున్నా ఆయన ముట్టలేదు.